ముందు సముద్రాన్ని అడగండి, తర్వాత లీవు పెట్టండి

మన కుటుంబాల్లో ఇప్పుడు కొత్త కోరిక ఒకటి మొదలైంది. తిరుపతి, ధర్మస్థళ, ఊటీ అన్నీ అయిపోయాయి. ఇప్పుడు అండమాన్ పోవాలి. హేవ్‌లాక్ దీవిలో కయాక్ ఎక్కాలి, మడ అడవుల మధ్య తెడ్డు వేసుకుంటూ పోవాలి, రాత్రిపూట నీళ్లలో మెరిసే వెలుగు చూడాలి. మంచిదే. మేమూ పోదామనే అనుకుంటున్నాం, ఇంటిల్లిపాదీ పధ్నాలుగు మందిమి. కోరికతో మాకు పేచీ లేదు. పేచీ అంతా దాన్ని మనం ప్లాన్ చేసే పద్ధతితోనే.

ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. ముందు పిల్లల దసరా సెలవులు చూస్తాం. తర్వాత ఆఫీసు లీవు. తర్వాత విమానం టికెట్ ఎప్పుడు చవకో చూస్తాం. తర్వాత హోటల్, తర్వాత ప్యాకేజీ వాళ్లతో బేరం. అన్నీ కుదిరాక ఆఖర్న "కయాకింగ్ కూడా ఒక గంట పెట్టండి" అంటాం, భోజనంలో అప్పడం అడిగినట్టు. సముద్రాన్ని మాత్రం ఎవరూ అడగరు. సముద్రం సంగతి తెలిసిన మనిషి, అంటే గైడు, ఎవరో ఒడ్డుకు పోయి నిలబడేదాకా మనకి తెలియదు. దీన్ని తలకిందులు చెయ్యాలని మేము అంటున్నాం. ముందు సముద్రం, తర్వాత గైడు, తర్వాత తేదీ, ఆఖర్న ధర.

సముద్రాన్ని అడగడం అంటే ఏంటి? మొదట కాలం. నైరుతి రుతుపవనాలు మన దేశంలో అందరికంటే ముందు తాకేది అండమాన్‌నే, మే మూడో వారం ప్రాంతంలో. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా వానలు, అలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫానుల కాలం. అంటే మన దసరా సెలవులు సరిగ్గా రెండు వానల మధ్య సందులో పడతాయి. ఆ వారం ఎండ కాయొచ్చు, కాయకపోవచ్చు. కొత్తగా తెడ్డు పట్టేవాళ్లకి నీళ్లు నెమ్మదిగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. కర్ణాటక పిల్లలకి వేసవి సెలవులు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి కాబట్టి మనకి ఇబ్బంది లేదు. సెలవులు ఆలస్యంగా ఇచ్చే ఊళ్లలో ఉన్న మనవాళ్లు జనవరి ఆఖర్లో రిపబ్లిక్ డే పక్కన రెండు రోజులు బడి మానిపిస్తే సరిపోతుంది. "బడి మానిపించడమా!" అని ఉలిక్కిపడే పెద్దలే మేనత్త కూతురి పెళ్లికి వారం మానిపించారు. మేము మరిచిపోలేదు.

రెండోది తిథి. ఇది చెప్తే మన పెద్దలు సంతోషించాలి, ఎందుకంటే పంచాంగం మన ఇళ్లలో గోడకి వేలాడుతూనే ఉంది. అమావాస్యకీ పున్నమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు పెద్దదిగా ఉంటుంది, ఆటు బాగా లోపలికి లాగుతుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకి తేడా తగ్గుతుంది. అండమాన్‌లో పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా సుమారు రెండు మీటర్లు, నిలబడ్డ మనిషి మునిగేంత. పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఆటు వేళ మడ అడవి పాయల్లో కయాక్ నడవదు, బురదలో కూర్చుంటుంది. అందుకే "రోజూ టిఫిన్ అయ్యాక పది గంటలకి" అని ముందే రాసిచ్చే ప్యాకేజీని మేము నమ్మం. ఆ కాగితం రాసిన మనిషి నీళ్ల వైపు చూసి రాయలేదు.

ఇంకో మాట. నీళ్లలో వెలుగు చూడాలంటే చీకటి రాత్రి కావాలి. ఆ వెలుగు కంటికి కనపడనంత చిన్న ప్రాణులది. తెడ్డు తగిలి నీళ్లు కదిలితే అవి మెరుస్తాయి. పున్నమి రాత్రి ఆ మెరుపు వెన్నెల్లో కలిసిపోతుంది. అంటే పోవాల్సింది అమావాస్య దగ్గర్లో. మన ఇళ్లలో అమావాస్య ప్రయాణం కూడదు! ఇక్కడ పెద్దలు తేల్చుకోవాలి, వెలుగు కావాలా, శకునం కావాలా అని. అమావాస్యకి నీటి లాగుడు ఎక్కువ అన్నది మాత్రం శకునం కాదు, నిజం. అందుకే ఏ పాయలో, ఏ గంటకి, ఎంత దూరం అన్నది గైడు చెప్పాలి, మనం కాదు.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అన్నీ సవ్యంగా జరిగితే ఎట్లా ఉంటుందో చూపించడానికి వందమంది ఉంటారు. అది చెడినప్పుడు ఏమవుతుందో అడగడానికే మాకు జీతం. అదే అలవాటుతో ఒక ప్యాకేజీ మనిషికి ఫోన్ చేసి "కయాక్ తిరగబడితే ఏం చేస్తారు?" అని అడిగాం. "తిరగబడదు సార్, వంద శాతం సేఫ్" అన్నాడు. ఇంకో చోట గైడే ఫోన్ ఎత్తాడు. "తిరగబడుతుంది. అందుకే మొదట నడుము లోతు నీళ్లలో నేనే కావాలని తిప్పేసి, మళ్లీ ఎక్కడం నేర్పిస్తాను. అది రానివాళ్లని లోపలికి తీసుకుపోను" అన్నాడు. రెండో ఆయన ధర ఎక్కువ. మన బంధువులు మొదటివాణ్ణే బుక్ చెయ్యమంటున్నారు. మేము ఒప్పుకోం.

ఎందుకంటే గైడుకి ఇచ్చే డబ్బు తెడ్డు వేసినందుకు కాదు. తెడ్డు మనమే వేస్తాం. పొద్దున్నే గాలి చూసి "ఈ రోజు వద్దు" అని చెప్పే హక్కుకి మనం డబ్బు ఇస్తున్నాం. నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంటే ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, మనకి ముచ్చటేస్తుంది. అదే అన్నిటికంటే మోసపు గాలి. లోపలికి సులభంగా తోసుకుపోతుంది, తిరిగి రావడానికి చేతులు చాలవు. గంటకి 20, 25 కిలోమీటర్ల గాలికే నీళ్ల మీద తెల్లటి నురుగు తలలు లేస్తాయి. కొత్తవాళ్లు కయాక్‌లో పోయే వేగం గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు. ఇది లెక్క, భయపెట్టడం కాదు. మడ పాయల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయన్నదీ నిజమే. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక విదేశీ యాత్రికురాలు మొసలి దాడిలో చనిపోయింది. ఏ పాయలో పోవచ్చు, ఏ పాయలో పోకూడదు అన్నది అక్కడ ఏళ్ల తరబడి నీళ్ల మీద ఉన్నవాళ్లకే తెలుసు. అలాంటి మనిషి "వద్దు" అంటే "ఇంత దూరం వచ్చాం, డబ్బు కట్టాం" అని మీదపడే కుటుంబాలు మనవి. ఆ ఒత్తిడికి లొంగేవాడు గైడు కాడు. లొంగదీసేవాళ్లం మనం కాకూడదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాం. "మనకెందుకప్పా సముద్రం, మన వంశంలో ఉందా?" అని ప్రతి పెద్దమనిషీ అంటాడు. మన వంశంలో లేదు, నిజమే. కరువు సీమ నుంచి కర్ణాటకకి వచ్చినవాళ్లం, చెరువు దాటి నీళ్లు చూసినవాళ్లం కాదు. కానీ తెలుగులో ఉంది. పూరీ పోయిన మన అవ్వలు సముద్ర స్నానం ఎట్లా చేశారు? నోలియాల చెయ్యి పట్టుకుని. తెల్లటి కొమ్ము టోపీ పెట్టుకుని, యాత్రికుల్ని అలలోకి దింపి మళ్లీ ఒడ్డుకి చేర్చే ఆ నోలియాలు ఎవరు? పూరీ పెంఠకటా బస్తీలో ఉండే తెలుగు జాలర్లు. ఉత్తరాంధ్ర తీరం నుంచి పోయి స్థిరపడ్డ మనవాళ్లు. చెయ్యి పట్టుకుని సముద్రం చూపించే గైడు పని కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు. తెలుగువాళ్లు తరాల నుంచి చేస్తున్న పనే అది.

అండమాన్ సంగతి చూడండి. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాష అన్నవాళ్లు వందకి సుమారు 13 మంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయినవాళ్లు ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌ జంగ్లీఘాట్‌లో చేపలు దించే రేవు దగ్గర తెలుగు వినపడుతుంది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు, మాట మాత్రం మారలేదు. మనలాగే బయట స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవి. మనం అండమాన్ పోయి రాధానగర్ బీచ్‌లో ఫొటో దిగి వస్తాం, వాళ్లని పలకరించం. ఎందుకు? మన "సంస్కృతి" జాబితాలో ఆవకాయ ఉంది, గోత్రం ఉంది, హరికథ ఉంది. తెప్ప లేదు, వల లేదు. చేపల బుట్ట ఎత్తినవాళ్లని మన తాతలు గడప బయట నిలబెట్టారు కాబట్టి వాళ్ల విద్య కూడా మన ఇంటి బయటే ఉండిపోయింది.

మాట కూడా అట్లాగే పోయింది. కన్నడ మీడియం బళ్లో మాకు "ఉబ్బరవిళిత" అని నేర్పారు, అది సముద్రం పనే అని తెలిసింది. ఇంట్లో "ఆటుపోట్లు" అంటే మామయ్య వ్యాపారం దెబ్బతినడమే. మన ఇంట్లో ఆ మాటకి కష్టం మిగిలింది, నీళ్లు ఇంకిపోయాయి. గైడుతో బేరమాడేటప్పుడు మన గొంతులో వచ్చే ఆ చులకన ఎక్కడిదో ఇప్పుడు అర్థమయి ఉంటుంది. డాక్టరుతో బేరమాడం, పురోహితుడితో నసుగుతాం, పడవ మనిషితో మాత్రం చెలరేగిపోతాం.

ఇంకో చులకన ఆడవాళ్ల మీద. ప్లాన్ అంతా అయ్యాక "మగవాళ్లూ పిల్లలూ కయాక్ ఎక్కుతారు, అక్కలూ అత్తలూ ఒడ్డున కూర్చుంటారు" అని ఎవరో తేల్చేస్తారు. బ్యాగులు చూసుకోవడానికి మనుషులు కావాలి కదా! నీళ్లు నెమ్మదిగా ఉండే చోట ఇద్దరు కూర్చునే కయాక్‌లో, పైన కూర్చునే రకం దాంట్లో, గైడు వెనక తెడ్డు వేస్తే అరవై దాటిన అత్త కూడా ముందు కూర్చోవచ్చు. బాగా ఈత రావడం తప్పనిసరి కాదు, లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో తేలినప్పుడు కంగారు పడకపోవడం తప్పనిసరి. అది ముందు నెలల్లో ఊళ్లో ఉన్న ఈత కొలనులో నేర్చుకోవచ్చు. ఉడుపి జిల్లా సాలిగ్రామ దగ్గర వెనక నీళ్లలో, మడ చెట్ల మధ్య ఒక పొద్దు తెడ్డు పట్టి చూడొచ్చు. నేర్పకుండా ఉంచేసి "వాళ్లకి భయం" అనడం న్యాయం కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే "చదువుకున్నవాళ్లు, మీకేం" అంటారు. మంచి గైడు ఖర్చు ఎక్కువే. అయితే హోటల్‌లో సముద్రం కనపడే గది వదిలి మామూలు గది తీసుకోండి. రెండు రోజుల కయాకింగ్ ఒక రోజుకి తగ్గించండి. మిగిలిన రోజు ఊరికే ఉంచండి. గాలి బాగోలేక మొదటి రోజు రద్దయితే ఆ రోజు పనికొస్తుంది. ఎక్కడ తగ్గించినా సరే, గైడు దగ్గర మాత్రం తగ్గించకండి. ఆరుగురికో, మహా అయితే ఎనిమిదిమందికో ఒక గైడు అని మేము పట్టుబడుతున్నాం. మా పధ్నాలుగు మందికి ఇద్దరు కావాలి. ఒక్కడితో సరిపెడతానన్న చోట మాట అక్కడే ఆపేశాం.

బుక్ చేసే ముందు ఎవరైనా అడగగలిగిన ప్రశ్నలు ఇవి. గైడుకి నీళ్లలో మనిషిని కాపాడే శిక్షణ ఉందా, దానికి కాగితం ఉందా? రద్దు చేసేది ఎవరు, గైడా, ఆఫీసులో కూర్చున్న యజమానా? గైడు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుందా? పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? వేసుకున్నాక భుజాల దగ్గర పట్టి పైకి లాగితే జాకెట్ గడ్డం దాటి లేవకూడదు, ఇది ఒడ్డునే చూసుకోండి. ఫోన్ సిగ్నల్ లేని చోట సాయం ఎట్లా పిలుస్తారు? కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఇది ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. పోయే వారం రోజూ ఇన్‌కాయిస్ వాళ్ల అలల సూచన చూడండి. అది అందరికీ ఉచితం. ఆ సంస్థ ఉన్నది హైదరాబాదులో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన. సముద్రం పక్కన పుట్టకపోయినా సముద్రాన్ని చదవొచ్చని అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాబట్టి ఈసారి కుటుంబంలో మాట మొదలైనప్పుడు "టికెట్ ఎంత?" అని ముందు అడిగినవాళ్లని ఆపండి. గైడుకి ఫోన్ చేసి "ఏ నెల, ఏ తిథి, ఏ గంట రమ్మంటారు?" అని అడగండి. ఆయన చెప్పిన తేదీకి లీవు పెట్టండి. ఆయన్ని "ఏయ్" అనకండి, "అన్నా" అనండి. తెలుగులో పలికితే తెలుగులో జవాబిచ్చేవాళ్లు ఆ దీవుల్లో చాలామందే ఉన్నారు. ఆయన వద్దన్న రోజు ఒడ్డున కూర్చుని, పోటు ఎట్లా వస్తుందో, ఆటు ఎట్లా పోతుందో పిల్లలకి ఆ మాటలతోనే చూపించండి.