విననని చెప్పే హక్కు మా తమ్ముడికి లేదా?

పోయిన ఆడి మాసంలో ఒక ఆదివారం మా వీధిలోకి బట్టల అంగడి ఆటో వచ్చింది. పైన రెండు స్పీకర్లు. "ఈరోజే చివరి రోజు, రండి రండి" అని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. హోసూరు కదా, మూడు భాషల్లోనూ అరుస్తారు. మా తమ్ముడు చెవులు మూసుకొని మంచం కిందికి దూరినాడు. ఆటో పోయిన అరగంటకు గానీ బయటికి రాలేదు. మరుసటి రోజు అదే ఆటో, అదే మాట. "అక్కా, నిన్ననే చివరి రోజు అన్నారు కదా?" అని వాడు అడిగినాడు. నాకు జవాబు దొరకలేదు.

వాడికి తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది. అది పెంపకం లోపం కాదు, మొండితనమూ కాదు. మెదడు పనిచేసే తీరే వేరు. బస్టాండులో నిలబడితే మన మెదడు అక్కరలేని శబ్దాలను తనంతట తానే పక్కకు నెట్టేస్తుంది. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ వడపోత మనలాగ జరగదు. బస్సు హారను, టీవీలో నగల ప్రకటన, మెరిసే లైటు బోర్డు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల ఇబ్బంది ఇంకో రకం. కదిలే ప్రతి బొమ్మా వాళ్ళ ధ్యాసను లాక్కొనిపోతుంది. మా తమ్ముడితో కృష్ణగిరికి పోతే, దారిలో ప్లాట్ల బోర్డులన్నీ వాడు చదవాల్సిందే, ఫోను నంబర్లతో సహా. చదవకుండా వదిలేయడం వాడి చేతిలో లేదు. ఊరు చేరేసరికి అలసిపోయి ఏడుస్తాడు.

బస్సు హారనుకు ఒక అవసరం ఉంది. ప్రకటన మాత్రం మన ధ్యాసను లాగాలని కావాలనే తయారు చేసినది. ఆ రంగు, ఆ గొంతు, చెప్పిందే చెప్పడం అన్నీ అందుకే. పట్టించుకోకుండా ఉండగలిగినవాళ్ళు తప్పించుకుంటారు. ఉండలేనివాళ్ళకే దెబ్బంతా.

"వ్యాపారం జరగొద్దా? వాడే అలవాటు చేసుకోవాల" అంటారు మా చిన్నాయన. ఆయనకూ ఒక చిన్న అంగడి ఉంది, ఆయన కష్టం నాకు తెలుసు. కానీ అంగడికి పేరు బోర్డు వద్దని ఎవరన్నారు? పేపర్లో ప్రకటన వేస్తే ఇష్టం లేనివాళ్ళు పేజీ తిప్పుకుంటారు. వీధిలో స్పీకరు పెడితే ఏ పేజీ తిప్పాల? మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబెట్టి, "ఎండకు అలవాటు పడు" అంటే అది న్యాయమా?

చట్టం లేక కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం స్పీకరు పెట్టాలంటే రాతపూర్వకమైన అనుమతి కావాలి. బడులు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది. మాట్లాడే హక్కు ఉన్నా, వినేదాకా వదలననే హక్కు ఎవరికీ లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ఇన్ని ఉన్నా ఆటో మన బడి గేటు ముందే అరుస్తూ పోతుంది. 2019లో చెన్నైలో అక్రమ బ్యానరు పడి ఒక యువతి ప్రాణమే పోయింది. ఆ తరువాతే బ్యానర్ల మీద గట్టిగా మాట్లాడినాం.

మార్చడం కుదరదు అనేవాళ్ళకు ఒక మాట. బ్రెజిల్‌లోని సావో పాలో మహానగరం 2007లో వీధుల్లో హోర్డింగులే తీసేసింది. కార్యక్రమం కంటే ప్రకటన గట్టిగా వినపడకూడదని అమెరికా 2010లో టీవీలకు చట్టం చేసింది. అక్కడ వ్యాపారాలు మూతపడలేదు.

చెవులు మూసుకున్న పిల్లవాణ్ణి మనం వింతగా చూస్తాం. రోజూ "చివరి రోజు" అనే అబద్ధాన్ని పట్టుకున్నది మాత్రం వాడొక్కడే. మనం శబ్దానికీ అలవాటుపడినాం, అబద్ధానికీ అలవాటుపడినాం.

అమ్మానాన్నలకు, గురువులకు నా విన్నపం ఇది. మళ్ళీ ఆడి మాసం రాకముందే మన బడి చుట్టూ 100 మీటర్లలో ప్రకటన స్పీకర్లు వద్దని పోలీసులకు, కార్పొరేషనుకు అర్జీ పెడదాం. మన వార్షికోత్సవంలో కూడా స్పీకరు శబ్దం తగ్గిద్దాం. అర్జీలో మొదటి సంతకం నాది. రెండోది మా తమ్ముడిది. వాడికి తెలుగులో పేరు రాయడం వచ్చు.