పల్లె చిత్రంలోని భావం ఎవరిది?

మన అలంకారశాస్త్రంలో విభావం రెండు విధాలు. ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో వారు ఆలంబన విభావం. పుట్టిన భావాన్ని పెంపొందించే వెన్నెల, ఉద్యానం, మలయమారుతం వంటివి ఉద్దీపన విభావాలు. ప్రబంధాలలోని ప్రకృతి చాలావరకు ఈ రెండవ స్థానంలోనే నిలిచింది. ఐరోపాలోని కాల్పనికోద్యమం ఈ క్రమాన్ని మార్చింది. నాయికానాయకులు పక్కకు తొలగగా పొలము, చెట్టు, సంధ్యాకాశము ఆలంబన స్థానాన్ని పొందాయి. తెలుగులో భావకవులు నడచిన దారీ ఇటువంటిదే.

రంగులు లేని ఎచింగ్ చిత్రాలలో ఈ మార్పును స్పష్టంగా గమనించవచ్చు. రాగిరేకుకు మైనపు పూత పూసి, దానిపై సూదితో బొమ్మ గీస్తారు. ఆమ్లంలో ముంచినప్పుడు గీసిన చోట మాత్రమే లోహం కరిగి గాడి పడుతుంది. ఆ గాడిలో నిలిచిన సిరా తడి కాగితంపైకి దిగుతుంది. గూడూరుకు చేరువనున్న పెడనలో కలంకారీ చెక్క అచ్చు ఉబ్బెత్తు భాగంతో రంగు అద్దుతుంది. ఎచింగ్‌లో లోతైన భాగం అద్దుతుంది. ఎక్కువసేపు ఆమ్లం తిన్న గీత చిక్కని చీకటిగా, సూది తాకని చోటు వెలుగుగా రూపొందుతాయి.

ఆంగ్ల చిత్రకారుడు శామ్యూల్ పామర్ (1805-1881) 1879లో చెక్కిన ‘ది లోన్లీ టవర్’ ఇందుకు మంచి ఉదాహరణ. కొండపై ఒంటరి బురుజు, దాని కిటికీలో దీపం, నెలవంక, కింద గొర్రెల కాపరులు, దారిన పోయే ఎడ్లబండి. కథ ఏమీ లేకున్నా చూపరి మనస్సు శాంతంతోను, ఏదో తెలియని బెంగతోను నిండుతుంది.

అయితే ఆ శాంతం పల్లెదా, చిత్రకారునిదా? పామర్ యౌవనంలో కెంట్ ప్రాంతపు షోరమ్ గ్రామంలో నివసించాడు. 1830లో ఆ ప్రాంతపు కూలీలు చాలీచాలని కూలితో విసిగి, తమ పని లాగుకొంటున్న నూర్పిడి యంత్రాలను పగులగొట్టారు. ఆ కలత ఆయన పల్లె చిత్రాలలో కానరాదు. అందుచేత అవి అసత్యాలని నేననను. అవి ఒక హృదయం కోరుకొన్న పల్లెలు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన కె. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లలోని పల్లె వేరు. అక్కడ మేకలు, చెట్లు, మనుషులు ఒకే ప్రాణశక్తితో పెనుగులాడుతుంటారు. ప్రశాంతత కంటె మోటు జీవశక్తియే అక్కడ ప్రధానం.

మనకు ఈ రెండు చూపులూ కావాలని నా అభిప్రాయం. కృష్ణా డెల్టా అనగానే క్యాలెండర్ బొమ్మలు పచ్చని చేలను, కొబ్బరిచెట్లను మాత్రమే చూపుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కూడా ఈ నేల కథే. అందమును చూచి ఆనందించే యువత, ఆ అందం వెనుకనున్న శ్రమను, దుఃఖాన్ని కూడ గుర్తించాలి. అప్పుడే పల్లె మన భావాలకు ఉద్దీపనంగా మాత్రమే మిగలక, మన గౌరవానికి ఆలంబనమవుతుంది.