ఉద్యోగులకుఁ గలసికట్టు పని

ప్రభుత్వోద్యోగుల నేర్పు పెంచుటకై కేంద్ర ప్రభుత్వము 2020 సెప్టెంబరులో ‘మిషన్ కర్మయోగి’ నామోదించినది. హైదరాబాదులో మర్రి చెన్నారెడ్డి సంస్థ యుండనే యున్నది. ఇట్టి శిక్షణలలో నిప్పుడు వినవచ్చు మాట ‘ఎజైల్’. 2001లో అమెరికాయందలి యూటాలో పదునేడుగురు కంప్యూటరు నిపుణులు గూడి దీని సూత్రములు వ్రాసిరి. పెద్దపనిని తునుకలు చేసి, కొలది వారముల కొకసారి వాడువారికిఁ జూపి, తప్పు దిద్దుకొనుచుఁ బోవుట. ప్రతిదినము పావుగంట నిలుచుండియే ‘నిన్న నేమి చేసితిమి, నేడేమి చేయుదుము, అడ్డమేమి’ యని చెప్పుకొనుట. పెండ్లివంటకు దిగిన మనకిది క్రొత్తయా? గరిటెడు రుచిచూడక పులుసుగుండిగ దింపుదుమా?

మా వర్ని పొలములకు నిజాంసాగరపు కాలువయే ప్రాణము. నీరొక శాఖది, పైరొక శాఖది, భూమిలెక్క మఱియొక శాఖది. రైతునకు మడి యొక్కటే. కాగితములు శాఖనుండి శాఖకుఁ దిరుగులోపల కాలువ చివరి మడి యెండును. మూవురును తూముకడ పావుగంట నిలిచి మాటాడుకొన్న నీరు వేళకుఁ జేరవచ్చును. అయితే పైయధికారి యెదుట క్రిందివాఁడు ‘అడ్డమిది’ యని జంకక చెప్పఁగలఁడా? మా యనుమాన మచ్చటనే; శిక్షణలో ముందుగా నేర్పవలసినదియు నదియే. ఆ పావుగంటలోఁ జివరిమడి రైతు నిల్లాలిని గూడ నిలుపుఁడని మా మనవి. నారు ఏనాఁడు వాడెనో యామెకుఁ దెలియును.