గ్యాసు గొట్టాల్లో, చరిత్ర బీరువాల్లో... కోనసీమకు మిగిలిందేమిటి?

కోనసీమలో గుప్పెడు కంకర కావాలన్నా బయటినుంచి తెచ్చుకోవాల్సిందే. అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎక్కడ గునపం దించినా ఒండ్రుమట్టి, ఇసుక, బంకమన్ను. రోడ్డుకు వేసే రాయి, పునాదిలో వేసే రాయి లారీలెక్కి గోదావరి దాటి రావాలి. ఇలాంటి నేలకు రాళ్ల చరిత్రేమిటని ఎవరైనా నవ్వొచ్చు. కానీ భూగర్భ శాస్త్రవేత్తల నివేదికలు తెరిస్తే కనిపించేవి మన ఊళ్ల పేర్లే. మండపేట ఇసుకరాయి, రాజోలు శిలలు, పాశర్లపూడి పొరలు, నర్సాపురం మట్టిరాయి! చమురు కంపెనీల ఇంజనీర్లకు ఈ పేర్లు కంఠతా వచ్చు. అమలాపురంలో డిగ్రీ చదివే పిల్లవాడికి మాత్రం తన ఊరి పేరుతో ఒక రాయి ఉందన్న సంగతే తెలియదు. దీపం కింద చీకటంటే ఇదే.

ఈ రాళ్ల కథ ఎక్కడ మొదలైంది? ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో గుర్తించిన డాక్టర్ కింగ్ పేరు సింగరేణి కార్మికులందరికీ తెలుసు. ‘కింగ్ సీమ్’ ఆయన పేరే. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన ఆ విలియం కింగే గోదావరి జిల్లా కోస్తా రాళ్లను కూడా పరిశీలించి 1880లో ఒక గ్రంథం ప్రకటించాడు. నూజివీడు వైపు గొల్లపల్లి దగ్గర పైకి తేలిన ఇసుకరాయికి గొల్లపల్లి ఇసుకరాయి అని, చింతలపూడి వైపు కనిపించే మట్టిపలకల రాయికి రాఘవాపురం షేల్ అని, వాటిపైన ద్వారకా తిరుమల గుట్టల్లో ఉన్నదానికి తిరుపతి ఇసుకరాయి అని పేర్లు స్థిరపడ్డాయి. చిన్న తిరుపతి వెంకన్న కొండే ఆ పేరుకు మూలం.

ఆ రాళ్లు ఒట్టి రాళ్లు కావు. గొల్లపల్లి రాతిలో దొరికిన ఆకు ముద్రలను ఒట్టొకర్ ఫీస్ట్‌మాంటెల్ అనే యూరప్ శాస్త్రవేత్త 1877లోనే వివరించాడు. వాటిలో ముఖ్యమైనది టిలోఫిల్లం. చూడ్డానికి చిన్న ఈతమట్టలా ఉంటుంది గానీ ఈతచెట్టుకు చుట్టం కాదు. ఆ జాతి భూమ్మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. రాఘవాపురం షేల్‌లో ఆకులతోపాటు చేప పొలుసులు, అమ్మోనైట్లనే సముద్రజీవుల గుల్లలు కూడా దొరికాయి. నేలమీది ఆకు, నీటిలోని పొలుసు ఒకే రాతిలో పక్కపక్కనే ఉన్నాయంటే అర్థమేమిటి? పది కోట్ల ఏళ్లకు పైబడిన ఆ కాలంలో సముద్రపు ఒడ్డు చింతలపూడి దాకా ఉండేదన్నమాట! కోనసీమ అనే నేల అప్పటికి పుట్టనే లేదు.

గోదావరి లోయలో ఇంకా పైకి, ప్రాణహిత ఒడ్డుకు పోదాం. సిరోంచ దగ్గర కోట అనే ఊరుంది. అక్కడి సున్నపురాతిలో దొరికిన చేప శిలాజాలను 1851లోనే లండన్‌లో పరిశీలించి లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. దక్కన్ చేప అని అర్థం. ఆ లోయ రాళ్లలోనే పెద్ద పెద్ద రాక్షసబల్లుల ఎముకలు బయటపడ్డాయి. ఒకటి బారాపాసారస్ టాగోరై. అది కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది, రవీంద్రుడి పేరు పెట్టుకుంది. రెండోది నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్. దాన్ని 1988లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవారు యాదగిరి. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. దొరికిన గడ్డకు దగ్గరలో నిలబెడితే ఎంత తేడా వస్తుందో దాన్ని కళ్లింత చేసుకుని చూసే బడిపిల్లలను అడగండి. కలకత్తా బీరువాలో ఉన్నదాన్ని మన పిల్లలు ఏనాడు చూడాలి?

మరి కోనసీమకూ దీనికీ ఏం సంబంధం? సంబంధమంతా కాళ్ల కిందే ఉంది. గొల్లపల్లి, రాఘవాపురం దగ్గర పైకి కనిపించే రాళ్లే సముద్రం వైపు వాలుతూ డెల్టా ఒండ్రు కిందికి, కిలోమీటర్ల లోతుకు దిగిపోయాయి. మండపేట కింద వాటికంటే పాత పొరలున్నాయి. కొమ్ముగూడెం పొర అని ఒకటుంది. సింగరేణి బొగ్గుతో ఒక వయసుది, ఒక కడుపున పుట్టినది. ఆ పొరలోని పాతిక కోట్ల ఏళ్ల నాటి అడవే కుళ్లి, నలిగి, ఉడికి గ్యాసు అయింది. దానిపైనున్న మండపేట ఇసుకరాయి సందుల్లో నిండింది. ఆ ఇసుకరాయి వయసు కట్టడానికి శాస్త్రవేత్తలు చూసేది దేన్నో తెలుసా? బావిలోంచి తీసిన రాతిలో చిక్కుకున్న పుప్పొడి రేణువులను! ఆ చెట్టు పుప్పొడి శాస్త్రానికి ఆధారం, ఆ చెట్టు శవం కంపెనీకి ఆదాయం. ఆ నేలమీద బతికేవాడికి?

1970ల చివర్లో ఇక్కడ రిగ్గులు దిగాయి. తాటిపాకలో రిఫైనరీ వచ్చింది. ఊళ్ల మధ్య, కొబ్బరితోటల కింద గొట్టాలు పరిచారు. గ్యాసు ఆ గొట్టాల్లో ఫ్యాక్టరీలకు, కరెంటు కేంద్రాలకు పోయింది. ఇక్కడ మిగిలినవి రెండు తేదీలు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలింది. రెండు నెలలకు పైగా మంట ఆరలేదు, చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు, టీ పొయ్యి ముట్టించినవాళ్లు ఇరవై మందికి పైగా మాడి మసయ్యారు.

ఇప్పుడు చట్టం చేసే చిత్రం చూడండి. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. బొగ్గు తవ్వినా, ఇనుము తవ్వినా దెబ్బతిన్న ప్రాంతానికి అందులోంచి ఖర్చు పెట్టాలి. సింగరేణి జిల్లాలకు ఆ నిధి ఉంది. కానీ 1957 నాటి ఆ చట్టం ఖనిజమంటే ఏమిటో చెప్పేచోటే చమురును, సహజవాయువును పక్కన పెట్టేసింది. వాటికి వేరే చట్టం, 1948 నాటిది. అంటే అదే వయసు అడవి, అదే గోదావరి లోయ. బొగ్గుగా బయటికొస్తే జిల్లాకు చట్టప్రకారం నిధి, గ్యాసుగా బయటికొస్తే నిధి లేదు! నేలమీది బావుల రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. అక్కడినుంచి రాజోలుకో, మామిడికుదురుకో ఇంత రావాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. కంపెనీ దయతలచి కట్టించే బడిగది, వేయించే బోరింగు దానం కిందికి వస్తాయి. మనం అడిగేది దానం కాదు, వాటా.

‘అది జాతీయ సంపద, ప్రాంతీయ వాదాలెందుకు?’ అంటారు పెద్దమనుషులు. సరే, జాతీయ సంపదే. మరి మంట జాతీయం కాలేదేం? నగరం శవాలు జాతీయం కాలేదేం? లాభం దేశానిది, ప్రమాదం ఊరిది అయితే దాన్ని న్యాయం అనరు. ‘తిండికి లేనివాడికి రాతిలో ఆకులెందుకు?’ అనేవాళ్లూ ఉన్నారు. తిండికోసమే కావాలి! ఇసుకరాయి సందుల్లోంచి గ్యాసు లాగితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. తమ చేలు కుంగుతున్నాయని రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం వల్ల అనేవారున్నారు, గ్యాసు వల్ల అనేవారున్నారు. తేల్చాలంటే ఏ పొర ఎంత లోతున ఉంది, ఒత్తిడి ఎంత తగ్గింది, నేల మట్టం ఎంత దిగింది అన్న లెక్కలు జనం ముందుండాలి. రాతి గురించి తెలియనివాడు ఆ లెక్కలు అడగలేడు. అడగలేనివాడికి ఎవరూ చెప్పరు.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. బావుల్లోంచి తీసిన రాతి కడ్డీల్లో కొన్నింటినైనా, వాటిలోని పుప్పొడి చిత్రాలతో సహా, అమలాపురంలో మ్యూజియం కట్టి పెట్టాలి. గొల్లపల్లి, రాఘవాపురం శిలాజ గుట్టలకు రక్షణ కావాలి. గుట్ట కంకరైపోతే పది కోట్ల ఏళ్ల పుస్తకం మళ్లీ అచ్చు కాదు. భూవారసత్వ స్థలాల కోసం కేంద్రం 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది. అలాంటి ఏ చట్టంలోనైనా గ్రామసభకు మాట ఉండాలి. ఇక్కడి కాలేజీల్లో భూగర్భశాస్త్రం చెప్పాలి, రిగ్గు మీద కాపలా ఉద్యోగమే కాక రాతిని చదివే ఉద్యోగం కూడా ఇక్కడి పిల్లలకు దక్కాలి. నేల మట్టం లెక్కలు ఏటేటా ప్రకటించాలి. అన్నిటికంటే ముందు చమురు, గ్యాసు జిల్లాలకూ ఖనిజ నిధి వర్తించేలా చట్టం సవరించాలి.

నీళ్లు, నిధులు, నియామకాలు అని ఒక గడ్డ నినదిస్తే దేశం వినక తప్పలేదు. గోదావరి పై గట్టున బొగ్గు గని కార్మికుడు, కింది గట్టున గ్యాసు గొట్టం పక్కన కొబ్బరి రైతు నిలబడింది ఒకే రాతి మీద. విద్యార్థులు, ఉద్యోగులు ముందు ఆ రాతిని చదవాలి. ఎంత లోతున ఏముందో లెక్కతో చెప్పగలిగినప్పుడు, ‘మా వాటా ఏది?’ అన్న ప్రశ్నను ఏ మంత్రీ ఏ కంపెనీ దాటవేయలేదు.