గ్రహణ నియమానికి కిరణాల సాక్ష్యమేల?

గుణదలలో ఏలూరు కాలువ దాటి బడికి పోయే బాలునికి గ్రహణమంటే ఛాయ అని తరగతిలో బోధిస్తారు. ఇంటికి వచ్చేసరికి అదే గ్రహణంలో విషకిరణాలు వెలువడతాయనీ, అందుకే అన్నంపై దర్భ వేస్తారనీ వింటాడు. మొదటి మాట జ్యోతిశ్శాస్త్ర సమ్మతం. రెండవదానికి భౌతికశాస్త్రంలోనూ ఆధారం లేదు, ధర్మశాస్త్రంలోనూ లేదు. స్మృతికారులు గ్రహణాన్ని అశౌచకాలమన్నారు, స్నానజపదానాలకు పుణ్యకాలమన్నారు. కిరణాల కథ ఆధునిక ఉపన్యాసకుల చేర్పు.

ఆ కథ నియమాన్ని నిలబెట్టదు సరికదా, దానికే విరుద్ధం. సూర్యగ్రహణానికి నాలుగు యామాల ముందే, అనగా పన్నెండు గంటల ముందే, వేధ ఆరంభమవుతుంది. ఉదయం ఎనిమిదింటికి స్పర్శకాలమైతే, భోజన నిషేధం ముందటి రాత్రి ఎనిమిదింటి నుండే. అప్పుడు సూర్యుడు క్షితిజానికి దిగువన ఉంటాడు. ఆకాశంలోనే లేనివాని కిరణాలు అన్నాన్ని ఎట్లు దూషిస్తాయి? చంద్రునిది ప్రతిఫలించిన సూర్యకాంతి మాత్రమే. భూచ్ఛాయ పడితే అది తగ్గుతుందే గాని కొత్తదేదీ పుట్టదు. శ్రీకాళహస్తీశ్వరుని ఆలయం గ్రహణవేళ తెరిచే ఉంటుంది, అభిషేకాలూ జరుగుతాయి. కిరణవాదులు ఆ అర్చకులకు ఏమి చెబుతారు?

కంటికి హాని మాత్రం యథార్థం. అది గ్రహణం వలన కాదు, మిగిలిన సూర్యబింబాన్ని తేరిపార చూడటం వలన. ఏనాడు చూసినా హానియే. వెలుతురు తగ్గినప్పుడు కన్ను తనంతట మూతపడదు గనుక ఆనాడు ప్రమాదం ఎక్కువ. పిల్లలకు చెప్పవలసినది ఇంతే, తగిన రక్షణ లేక చూడవద్దని.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ ఛాయ ఈ కృష్ణాతీరం మీదుగానే సాగింది. ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరుకు, మద్రాసు వేధశాల నుండి పాగ్సన్ మచిలీపట్నానికి వచ్చారు. ఆ గ్రహణంలో సూర్యుని అంచున లేచిన జ్వాలల వర్ణపటంలో కనిపించిన పసుపు రేఖ తరువాత హీలియం అనే మూలకానిదని తేలింది. భూమిపై దొరకకముందే ఒక మూలకం సూర్యునిలో గోచరించిన ఘట్టానికి ఈ సీమ సాక్షి. బందరు, గుంటూరు పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

రాహువును కొట్టివేయనక్కరలేదు. చంద్రకక్ష్య సూర్యమార్గానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. ఆ రెండూ ఖండించుకొనే బిందువులే జ్యోతిషంలోని రాహుకేతువులు. పూర్ణిమ గాని అమావాస్య గాని వాటి సమీపంలో సంభవిస్తేనే గ్రహణం. అందుకే ప్రతి నెలా గ్రహణం రాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు సూర్యుని చంద్రుడు, చంద్రుని భూచ్ఛాయ కప్పుతాయని స్పష్టపరిచాడు. 628లో బ్రహ్మగుప్తుడు రాహువును నిరాకరించడం స్మృతివిరుద్ధమని ఆర్యభటాదులను ఆక్షేపించాడు. గణితం దగ్గరకు వచ్చేసరికి మాత్రం తానూ ఛాయనే కొలిచాడు!

గీతాభాష్యంలో, పదునెనిమిదవ అధ్యాయపు అరువదియారవ శ్లోకం వద్ద, శంకరభగవత్పాదులు ప్రమాణాల విషయవిభాగం చేశారు. ప్రత్యక్షాదులకు అందని అగ్నిహోత్రాది సాధ్యసాధన సంబంధాలలో శ్రుతి ప్రమాణం, ప్రత్యక్షాదులకు అందే విషయంలో కాదు. గ్రహణస్నానఫలం అదృష్టం, అది శ్రద్ధావిషయం. కిరణం దృష్టం, పరికరంతో కొలవదగినది. అదృష్టఫలం కోసం చేసే కర్మకు దృష్టహేతువును కల్పించేవాడు శాస్త్రానికి సేవ చేస్తున్నానని భ్రమిస్తాడు. రేపు బాలుడు కొలిచి చూసి కిరణం లేదని కనుగొంటే, దానితోపాటు స్నానజపాలనూ విడుస్తాడు. ఆ నాస్తిక్యానికి బాధ్యుడు భౌతికశాస్త్రోపాధ్యాయుడా, ఉపన్యాసకుడా?

అన్నిటికంటె క్రూరమైనది గర్భిణుల విషయం. తెలుగులో చీలిన పెదవికి గ్రహణమొర్రి అనే పేరే స్థిరపడింది. పైపెదవి భాగాలు గర్భంలో ఆరేడు వారాలకే కలవాలి, కలవకపోతే చీలిక మిగులుతుంది. దానికి వంశపారంపర్యంతో పాటు అనేక కారణాలుండవచ్చు, ఛాయ వాటిలో లేదు. ఆరవ నెలలో గ్రహణం చూసినంత మాత్రాన అప్పటికే అతుకుకొన్న పెదవి చీలదు. శస్త్రచికిత్సతో సరిచేయదగిన లోపానికి బిడ్డను చేతిలో పెట్టుకొని తల్లి జీవితాంతం నింద మోస్తున్నది. గ్రహణవేళ కూర నీవే తరిగావని అత్త, చూశావని ఆడపడుచు. ఈ నిందకు శ్రుతిలో ఏ వాక్యం ఆధారమో కిరణవాదులు చూపాలి.