అతిథిగృహంలో నిఘా నేత్రం

తిథివార నియమం లేకుండా గడప తొక్కినవాడు అతిథి అని పెద్దలు ఆ మాటకు అర్థం చెప్పారు. వచ్చినవాడి ఊరూ పేరూ అడగకముందే కాళ్ళకు నీళ్ళివ్వడం గృహస్థధర్మంగా ఉండేది. ఆ ధర్మం ఇంటి గడప దాటి సత్రానికీ, పూటకూళ్ళ ఇంటికీ, చివరకు అద్దాల మేడల వంటి హోటళ్ళకూ చేరేసరికి దాని రూపం మారిపోయింది. నేటి హోటలులో అడుగుపెట్టినవాడి ముఖాన్ని స్వాగతం పలికే గుమాస్తాకన్నా ముందు పైకప్పు మూలనున్న కెమెరా చూస్తుంది.

బసకు వచ్చినవారిని కనిపెట్టి ఉండాలన్న ఆలోచన మాత్రం కొత్తది కాదు. 1867లోనే ఆంగ్ల ప్రభుత్వం సరాయిల చట్టం చేసి, బాటసారులకు ఆశ్రయమిచ్చే సత్రాలను మేజిస్ట్రేటు వద్ద నమోదు చేయించాలని నిర్దేశించింది. విదేశీయుడు బసచేస్తే 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలన్న నియమమూ దశాబ్దాలుగా ఉన్నదే. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగాయి. ఆ సంవత్సరమే వచ్చిన ప్రజాభద్రతా చట్టం, జనం పెద్దసంఖ్యలో గుమిగూడే సంస్థలు కెమెరాలు అమర్చుకోవాలనీ, ఆ దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలనీ ఆదేశించింది. రాష్ట్రం రెండుగా విడిపోయిన తరువాత కూడా ఆ బాధ్యత ఉభయ ప్రాంతాల్లోనూ కొనసాగింది. అంటే కెమెరా ఉండాలా వద్దా అన్న చర్చ ముగిసినట్లే. తేలవలసిన విషయం వేరు: కెమెరా చూసినదాన్ని గ్రహించేవాడెవడు?

ఈ ప్రశ్నకు దుబాయి నగరంలో జరిగిన ఒక హత్య కంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 2010 జనవరి 19న పాలస్తీనా సంస్థ హమాస్‌కు చెందిన మహమూద్ అల్ మబ్‌హూ అల్ బుస్తాన్ రొటానా అనే హోటలులో దిగాడు. అతడు గదికి వెళుతున్నప్పుడు టెన్నిస్ దుస్తులు ధరించి, చేత రాకెట్లు పట్టుకొన్న ఇద్దరు వ్యక్తులు అదే లిఫ్టులో ఎక్కారు. అతని వెనుకనే నడిచి, గది సంఖ్య 230 అని తెలుసుకొన్నారు. కొద్దిసేపటికే ఎదురుగా ఉన్న 237వ గదిని వారి ముఠా అద్దెకు తీసుకొంది. బట్టతలతో స్నానాలగదిలోకి వెళ్ళినవాడు విగ్గు పెట్టుకొని బయటకు వచ్చాడు. ఇవన్నీ కెమెరాల్లో నమోదయ్యాయి. ఆ రాత్రి అతడు హత్యకు గురయ్యాడు. మరునాడు శవం బయటపడినప్పుడు సహజ మరణమేనని మొదట భావించారు. తరువాత దుబాయి పోలీసులు వివిధ చోట్ల కెమెరాల్లోని దృశ్యాలను పోగుచేసి, ఒకదానికొకటి జతపరచి, ముఠా కదలికలను ఘడియ ఘడియగా లోకానికి చూపించారు. అపరాధ పరిశోధనలో అదొక అద్భుతమే. కానీ అప్పటికే హంతకులు దేశం దాటిపోయారు. వారి చేతుల్లో ఉన్నవి నకిలీ పాస్‌పోర్టులు. కెమెరా ఆ రోజు సాక్షి పాత్ర వహించింది కాని కాపలాదారు పాత్ర వహించలేదు. ఈ రెండు పాత్రలకూ ఉన్న భేదాన్ని హోటళ్ళ యజమానులు తరచుగా మరచిపోతారు. తెరల గోడ ముందు ఒక్క మనిషిని రాత్రంతా కూర్చోబెట్టి భద్రత సమకూరిందనుకోవడం, బావి తవ్వించి చేద మరచిపోవడం వంటిది.

అమెరికాలోని లాస్ వేగాస్ ఉదంతం ఇంకా దారుణమైనది. 2017 సెప్టెంబరు 25న మాండలే బే హోటలులో దిగిన ఒక అతిథి రోజుల తరబడి ఇరవైకి పైగా పెట్టెలను 32వ అంతస్తుకు చేర్చాడు. సామాను మోసే సిబ్బందే కొన్నిసార్లు అతనికి సాయపడ్డారు. పెట్టెల్లో ఉన్నవి తుపాకులు. అక్టోబరు 1 రాత్రి అతడు కిటికీలోనుంచి సంగీతోత్సవంపై కాల్పులు జరిపాడు. గాయాలతో తరువాత మరణించినవారితో కలిపి 60 మంది బలయ్యారు. ధనవంతుడు, పాత ఖాతాదారు, మర్యాదగా మాట్లాడేవాడు! అతని మీద అనుమానం ఎవరికి కలుగుతుంది? 32వ అంతస్తు మెట్ల తలుపు తెరుచుకోకుండా బిగించి ఉందని మొదట గమనించినవాడు ఒక సామాన్య భద్రతా ఉద్యోగి. ఆ నడవలోనే అతడు కాల్పులకు గురై గాయపడ్డాడు. వింత ఏమిటంటే, తన గది వైపు ఎవరు వస్తున్నారో చూడడానికి ఆ దుండగుడు కూడా కెమెరాలు అమర్చుకొన్నాడు. యంత్రానికి పక్షపాతం లేదు. ఎవరు అమర్చుకొంటే వారికే పనిచేస్తుంది.

2008 నవంబరు 26న ముంబయి తాజ్ హోటలుపై దాడి జరిగింది. అంతకుముందు ఆ హోటలులో అతిథిగా బసచేసి, దాని లోపలి భాగాలను చిత్రీకరించుకొని పోయినవాడు డేవిడ్ హెడ్లీ. అమెరికా పౌరుడు, పాశ్చాత్యుని వంటి రూపు, పాశ్చాత్యమైన పేరు. 2013లో అమెరికా న్యాయస్థానం అతనికి 35 ఏళ్ళ శిక్ష విధించింది. హోటలు ద్వారం దగ్గర ముఖవర్చస్సునో, వేషభాషలనో బట్టి మనుషులను వేరుచేసేవారు ఈ ఒక్క పేరునైనా జ్ఞాపకం పెట్టుకోవాలి.

ఎందుకంటే 'అనుమానాస్పదం' అన్న మాట చాటున చెల్లుబాటవుతున్న దురభిప్రాయాలు చాలానే ఉన్నాయి. గడ్డం పెంచుకొన్నవాడు, మాసిన పంచె కట్టుకొన్న పల్లెటూరివాడు, ఒంటరిగా ప్రయాణించే స్త్రీ, పెళ్ళికాని జంట, వీరిమీదే ముందుగా చూపు పడుతుంది. పెళ్ళికాని వయోజనులు హోటలు గదిలో కలిసి ఉండడాన్ని నేరంగా చెప్పే చట్టమేదీ లేదని మద్రాసు ఉన్నత న్యాయస్థానం 2019లో స్పష్టం చేసింది. ఒంటరి స్త్రీని నాలుగుసార్లు ప్రశ్నించే గుమాస్తా, పక్కనున్న పెద్దమనిషి మాటకు బెదరి తలవంచుకొని నిలబడిన బాలికను పట్టించుకోకపోవడం ఏ రకం భద్రత?

అనుమానించవలసింది మనిషిని కాదు, చేష్టను. రోజుల తరబడి గది శుభ్రం చేయనివ్వకపోవడం, సిబ్బంది మెట్లనూ విద్యుత్తు గదులనూ ఫోటోలు తీయడం, వేళకాని వేళ ఒకే గదికి అపరిచితులు వరుసగా రావడం, వెంట ఉన్న పిల్ల తన పేరు తానే చెప్పలేకపోవడం, ఇవి గమనింపదగ్గ చేష్టలు. వీటిలో ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు. అలసిపోయిన ప్రయాణికుడు కూడా తలుపు మూసుకొని రెండు రోజులు నిద్రపోవచ్చు. అయినా రెండుమూడు చేష్టలు కలిసినప్పుడు పై అధికారికి తెలియజేయడంలో దోషం లేదు.

అయితే ఈ చేష్టలను చూసేదెవరు? దుప్పట్లు మార్చే మనిషి, నడవ తుడిచే ఆయా, సామాను మోసే కుర్రవాడు. హోటలులో అందరికన్నా తక్కువ జీతం వీరిదే, అందరికన్నా ఎక్కువ చూసేదీ వీరే. మారియట్ సంస్థ మనుషుల అక్రమ రవాణాను గుర్తించే శిక్షణను 2017లో తన హోటళ్ళ సిబ్బందికి తప్పనిసరి చేసింది. మన పట్టణాల్లోని మధ్యతరగతి లాడ్జీలకు అంత స్తోమత లేకపోవచ్చు. కాని నెలకొకసారి పోలీసు అధికారిని పిలిపించి గంటసేపు మాట్లాడించడానికి స్తోమతతో పనిలేదు. సిబ్బంది తెచ్చిన కబురును యజమాని విసుక్కోకుండా వినడానికి అసలే అక్కరలేదు. 'నీ పని నువ్వు చూసుకో' అని ఒకసారి మందలింపు తిన్న పనివాడు రెండోసారి నోరు విప్పడు.

మరొక అంశం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. గది లోపల, దుస్తులు మార్చుకొనే చోట కెమెరా పెట్టడం భద్రత కాదు, నేరం. ద్వారం, నడవ, లిఫ్టు, వాహనాలు నిలిపే స్థలం, ఇంతవరకే నిఘాకు అధికారం. అక్కడ తీసిన దృశ్యం సైతం గుమాస్తా చేతి ఫోనులోకి ఎక్కి ఊరంతా తిరిగితే, భద్రత కోసం వచ్చిన అతిథికి ఆ హోటలే ప్రమాదమవుతుంది. 30 రోజులు దాచమన్న చట్టాన్ని పాటించే యజమాని, ఆ దృశ్యాలను ఎవరు చూడవచ్చో, ఎవరి అనుమతితో చూడవచ్చో, గడువు తీరాక ఎవరు చెరిపివేయాలో కూడా రాసిపెట్టాలి. ఆ కాగితాన్ని బీరువాలో కాక, అతిథి సంతకం చేసే బల్ల పక్కనే, గది అద్దెల పట్టిక వేలాడే చోటనే అతికించాలి.