జోస్యాలు చాలు, లెక్కలు వేయండి

సంపాదకులు గారికి,


మీ లేఖల పేజీ నేను విడవకుండా చదువుతాను. 2024 జూన్‌లో ప్రభుత్వం మారినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాలు చూస్తే, రాసినవారు ఏ పార్టీకి ఓటేశారో మొదటి రెండు వాక్యాల్లోనే తెలిసిపోతోంది. ఓడిన పక్షం వారి లెక్కలో ఈ ప్రభుత్వం ప్రమాణ స్వీకారం నాడే చతికిలపడింది. గెలిచిన పక్షం వారి లెక్కలో ఆ రోజే అన్నీ చక్కబడ్డాయి. 2019లోనూ ఇవే మాటలు చదివాం, కాకపోతే అప్పుడు అటు వాళ్ల మాటలు ఇప్పుడు ఇటు వాళ్లు అంటున్నారు. కొత్తగా గద్దెనెక్కిన మనిషి నెగ్గుకొస్తాడా లేదా అని మనం చెప్పే జోస్యంలో ఆ మనిషి పనితనం పాలు తక్కువ, మన జెండా పాలు ఎక్కువ. సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని మన అనంతపురం మెట్టకు ఈ అలవాటు చేటు చేస్తోందని చెప్పడానికే ఈ ఉత్తరం.

మన జిల్లాకు జోస్యాలంటే మొదటి నుంచీ ఇష్టమే. ఉరవకొండలో గెలిచిన పార్టీ అధికారంలోకి రాదన్న మాట వినని వారు ఇక్కడ ఉండరు. 1999లో అక్కడ కాంగ్రెస్ గెలిస్తే రాష్ట్రంలో తెలుగుదేశం వచ్చింది. 2004, 2009లో తెలుగుదేశం గెలిస్తే కాంగ్రెస్ వచ్చింది. 2014లో వైసీపీ గెలిస్తే తెలుగుదేశం, 2019లో తెలుగుదేశం గెలిస్తే వైసీపీ వచ్చాయి. ఇరవై ఏళ్లు నిలిచిన ఈ శాస్త్రం 2024లో ఒక్క రోజులో పోయింది. అక్కడ గెలిచిన పయ్యావుల కేశవ్ గారు ఇప్పుడు రాష్ట్ర ఆర్థిక మంత్రి. ఉమ్మడి జిల్లాలోని 14 స్థానాల్లో 2014లో 12 తెలుగుదేశానికి, 2019లో 12 వైసీపీకి ఇచ్చిన ఓటరు, 2024లో మొత్తం 14 తెలుగుదేశం కూటమికి ఇచ్చేశాడు. ఇంత తేలిగ్గా మనసు మార్చుకునే జిల్లాలో, మనసు మార్చుకోనివాళ్లం ఉత్తరాలు రాసే మనమే.

పెద్ద పదవుల సంగతికి వస్తే మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారిని మించిన పాఠం లేదు. 1952లో అనంతపురం శాసనసభ స్థానంలో ఆయన్ను ఓడించింది కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు. ఇద్దరూ దగ్గరి బంధువులే. ఇంకేముంది, ఆయన పని అయిపోయిందన్నవారు ఆనాడూ ఉండే ఉంటారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఆయనే. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడితే, సొంత పార్టీ ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లిన ఆ పోటీలో వి.వి.గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. 1971లో హిందూపురం లోక్‌సభ స్థానంలోనూ ఓడి, ఊరికొచ్చి సేద్యం చూసుకున్నారు. ఆ మనిషి ఆరేళ్లలో రాష్ట్రపతి భవన్‌లో ఉంటాడని ఆనాడు ఎవరైనా పందెం కాస్తే జనం నవ్వి ఉండేవారు.

1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిస్తే, మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా తరఫున గెలిచింది ఆయనే. అదే ఏడు జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ల కింద ఓడించినవారూ అడ్డు చెప్పలేదు. ఇంత ఏకాభిప్రాయంతో వచ్చినాయన ఎవరితోనూ మాట పడకుండా వెళ్లిపోతారని అనుకుంటాం కదా. 1979లో మొరార్జీ ప్రభుత్వం పడిపోయి, చరణ్ సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేసినప్పుడు, జగ్‌జీవన్ రామ్‌కు అవకాశం ఇవ్వకుండా సభను రద్దు చేశారని ఆయన్ను నిలబెట్టిన జనతా వారే దుమ్మెత్తిపోశారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని ఇవాళ్టికీ వాదించుకోవచ్చు. వాదించాల్సింది కూడా దాని మీదే, ఆయన చేసిన పని మీద. అంతకుముందు వేసిన జోస్యాలు, తిట్టినవారివీ పొగిడినవారివీ, ఒక్కటీ పనికిరాలేదు.

ఇంకొక సంగతి. 1967లో లోక్‌సభ స్పీకర్ అయినప్పుడు సంజీవరెడ్డి గారు పార్టీకి రాజీనామా చేశారు. కుర్చీలో కూర్చున్న మనిషి పార్టీని పక్కన పెట్టగలిగాడు. అరుగు మీద కూర్చున్న మనం ఎందుకు పెట్టలేమో నాకు అర్థం కాదు.

ఇది మన ఒక్కరి జబ్బేమీ కాదు. అమెరికాలో 2016 నవంబరులో ట్రంప్ గెలవగానే, ఆయన ఇంకా గద్దె ఎక్కకముందే, దేశ ఆర్థిక పరిస్థితి మీద రిపబ్లికన్ల నమ్మకం ఒక్కసారిగా పైకి లేచింది, డెమొక్రాట్లది కిందికి జారింది. సరుకుల ధరలు మారలేదు, జీతాలు మారలేదు, అధ్యక్షుడి పేరు మాత్రమే మారబోతోంది. కానీ వాళ్లకు మిసిసిపీ ఉంది. మనకు పెన్న కూడా ఎండిన ఇసుకే. మనం ఈ విలాసం భరించలేం.

నష్టం ఎక్కడుందో చెబుతాను. మన జిల్లాకు నీళ్లు తెచ్చే హంద్రీ-నీవా పథకం ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. ఆలోచన ఎన్టీఆర్ నాటిది. పనులు జోరందుకున్నది వైఎస్ హయాంలో. 2012లో మల్యాల దగ్గర మోటార్లు తిప్పింది కిరణ్ కుమార్ రెడ్డి. గొల్లపల్లి, చెర్లోపల్లి జలాశయాల దాకా నీళ్లు నడిపింది చంద్రబాబు. కుప్పం కాలువకు 2024 ఫిబ్రవరిలో జగన్ నీళ్లు వదిలితే అది నాటకమన్నారు. 2025 ఆగస్టులో అదే కుప్పంలో చంద్రబాబు జలహారతి ఇస్తే అదీ నాటకమేనన్నారు. ఒక్క నీటి చుక్క అటు పార్టీ చేతుల మీదుగా వస్తే కల్తీ, ఇటు పార్టీ చేతుల మీదుగా వస్తే తీర్థం. 40 టీఎంసీలతో ఆరు లక్షల ఎకరాలు తడపాలని మొదలైన పథకానికి పిల్ల కాలువలు ఇంకా చాలాచోట్ల తవ్వలేదన్న అసలు మాట ఈ గోలలో ఎవరికీ వినపడదు.

మొన్న ఒకే కాలువ ఫోటో నా ఫోన్‌కు రెండు గ్రూపుల నుంచి వచ్చింది. ఒకదాని కింద ‘మన నాయకుడి మాట, మన పొలానికి నీళ్లు’ అని ఉంది. రెండోదాని కింద ‘పాత ఫోటో, నమ్మకండి’ అని ఉంది. మా వైపు కాలువ లస్కరును అడిగితే నవ్వి, ‘నీళ్లు మూరెడు ఎత్తున వస్తున్నాయన్నా, తూము దగ్గర పూడిక తీయలేదు, మీ చెరువుకు ఎక్కవు’ అన్నాడు. రెండు గ్రూపుల్లోనూ లేని సమాచారం అది. శనక్కాయ విత్తాలా, కంది వేయాలా అని తేల్చుకోవడానికి రైతుకు కావాల్సింది కూడా అదే.

2025లో కాలువకు సిమెంటు లైనింగ్ మీద జరిగిన గొడవ కూడా ఇంతే. లైనింగ్ వేస్తే ఇంకుడు తగ్గి నీళ్లు చివరిదాకా త్వరగా పోతాయి. అదే ఇంకుడు ఆగితే కాలువ పక్క బోర్లు ఎండుతాయి. రెండూ నిజాలే. ఎక్కడ వేయాలి, ఎక్కడ వదిలేయాలి, బోర్లు పోయిన వారికి చెరువులు నింపి ఎలా సర్దాలి అని కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ప్రభుత్వం వైపు వారు ఒక నిజాన్ని, ఎదురు వైపు వారు ఇంకో నిజాన్ని పట్టుకుని రోడ్డెక్కారు.

పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీ సంగతీ గుర్తుండే ఉంటుంది. 2017లో ఒప్పందం కుదిరి, 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి ఎదుట తొలి కారు బయటికొచ్చింది, డిసెంబరులో మరో ముఖ్యమంత్రి చేతుల మీదుగా ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరిలో అది తమిళనాడుకు తరలిపోవచ్చని ఒక వార్త రాగానే, అబద్ధమని కంపెనీ చెప్పేలోపే మనలో కొందరు సంబరంగా పంచుకున్నారు. పెనుకొండ పిల్లల ఉద్యోగాలు పోతాయన్న వార్తకు సంబరం ఏమిటండీ? ఫలానా ముఖ్యమంత్రి ఓడిపోవాలన్న కోరిక ముదిరితే, మన ఊరు ఓడినా సరే అనే దాకా వస్తుంది.

పాలకులను అనుమానించడం పౌరుడి హక్కు కదా అని కొందరు అంటారు. ముమ్మాటికీ. అయితే అనుమానించేవాడు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగుతాడు. చెడిపోవాలని కోరుకునేవాడు ఆగడు, జవాబు మంచిదైతే అతనికి కష్టం. ముందే మార్కులు వేసేసిన భక్తుడి వల్ల కూడా ఇంతే నష్టం, ఎందుకంటే తన వాళ్లను అడగాల్సిన ప్రశ్న అతను అడగడు. పాలకుడికి ఈ ఇద్దరితోనూ సుఖమే. ఒకరి మాట కొట్టిపారేయవచ్చు, మరొకరి మాట వినక్కర్లేదు.

అందుకని మీ పత్రికకు ఒక విన్నపం. ప్రతి ఏటా జూన్‌లోనూ జనవరిలోనూ ఉమ్మడి జిల్లాకు ఒకే పట్టిక వేయండి. జీడిపల్లి జలాశయానికి ఎన్ని రోజులు, ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి. కాలువ నీళ్లతో ఏ మండలంలో ఏ చెరువులు నిండాయి. కొత్తగా ఎన్ని ఎకరాలకు పిల్ల కాలువలు తవ్వారు. డ్రిప్పుకు దరఖాస్తు పెట్టినవారిలో ఎందరికి పరికరాలు అందాయి. పంట బీమా డబ్బు ఏ నెలలో ఖాతాల్లో పడింది. ముఖ్యమంత్రి ఫోటో వద్దు, పార్టీ రంగు వద్దు. ప్రభుత్వం మారినా గడులు మారకూడదు. 2014 నుంచి దొరికినన్ని అంకెలు పక్కనే వేస్తే ఇంకా మంచిది, అప్పుడు పోల్చుకోవడం పాఠకుల వంతు.

పట్టిక వచ్చాక నాలాంటివారు రాసే ఉత్తరాలకూ ఒక నియమం పెట్టండి. ప్రభుత్వాన్ని తిట్టినా పొగిడినా అందులోని ఒక అంకెనైనా పట్టుకుని రాయాలి. అంకె లేని ఉత్తరం, అది నాదైనా సరే, వేయకండి.

ఇట్లు,
ఒక శనక్కాయ రైతు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా.